కోషర్ ఫలాఫెల్ ట్రక్కు దగ్గర, గుడ్డు కూడా తినని శాకాహారి ఏం తినొచ్చు?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ నుంచి న్యూయార్క్ వచ్చి నెల రోజులైంది. ఆఫీసు మిడ్‌టౌన్‌లో, ఆరో ఎవెన్యూ పక్కన. వీధి చివర ఫలాఫెల్, షవర్మా అమ్మే ట్రక్కు ఆగుతుంది, దాని మీద పెద్ద అక్షరాలతో "గ్లాట్ కోషర్" అని ఉంది. ఈ శుక్రవారం మీ టీం అంతా లంచ్‌కి అక్కడికే వెళ్తోంది. మీరు మాంసం, చేప, గుడ్డు ఏవీ ముట్టరు. కోషర్ అంటే మనకు పనికొస్తుందా, హలాల్ లాంటిదేనా, యూదులు కానివాళ్లకు పెడతారా, వెళ్తే ఏం అడగాలి?

సూటిగా చెప్తాను. తినొచ్చు. కానీ కోషర్ అన్న మాటను నమ్ముకుని కాదు. కోషర్ అంటే యూదుల ధర్మం ప్రకారం తినదగిన తిండి, శాకాహారం కాదు. మీరు చెప్పినదాన్ని బట్టి అది మాంసం ట్రక్కు. ఫలాఫెల్ అంటే శనగలు రుబ్బి నూనెలో వేయించే ఉండ. అందులో మాంసం ఉండదు, పాలు ఉండవు. అయితే అది వేగిన నూనెలో అంతకుముందే చికెన్ వేగి ఉండొచ్చు. ఆ ఒక్క సంగతీ తేల్చుకుంటే మిగతాదంతా తేలిక.

మాది తెనాలి. లెక్సింగ్టన్ ఎవెన్యూలో కర్రీ హిల్ అనే చోట, కోషర్ సర్టిఫికెట్ ఉన్న ఒక దక్షిణ భారత శాకాహార హోటల్ వంటింట్లో తొమ్మిదేళ్లు పని చేశాను. ఇప్పుడు న్యూజెర్సీలో సొంతంగా కేటరింగ్ చేసుకుంటున్నాను. కోషర్ దోసెలేంటని ఆశ్చర్యపోకండి. ఆ వీధిలో అలాంటి హోటళ్లు చాలా ఏళ్లు నడిచాయి. మాంసం గడప తొక్కని వంటిల్లు కనుక యూదులకు నిశ్చింత, మాకు గిరాకీ. మా హోటల్‌కి మష్గియాహ్, అంటే కోషర్ పర్యవేక్షణ చేసే పెద్దాయన, వస్తూ ఉండేవాడు. పొయ్యి ఆయనే వెలిగించేవాడు. యూదుడు నిప్పు అంటించాలన్నది వాళ్ల నియమాల్లో ఒకటి. రోజూ ఇడ్లీ సాంబారు తిని మొహం మొత్తిన మధ్యాహ్నాల్లో ఫలాఫెల్ ట్రక్కుల దగ్గర నిలబడి తినడం నాకు ఆయన వల్లే అలవాటైంది. కింద రాసేదంతా ఆయన దగ్గర నేర్చుకున్నదీ, నేను తిని తెలుసుకున్నదీ.

ముందు అసలు లెక్క చెప్తాను. యూదుల ధర్మంలో తిండి మూడు రకాలు: మాంసం, పాలు, రెండూ కానిది. ఈ మూడోదాన్ని "పారెవ్" అంటారు. కూరగాయలు, పప్పులు, ధాన్యాలు, నూనెలు, పండ్లు అన్నీ పారెవ్. గుడ్డు, చేప కూడా పారెవే. ఈ ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి. కొట్లో ప్యాకెట్ మీద పారెవ్ అని చూసి శాకాహారమని కొనేసిన మనవాళ్లు నాకు చాలామంది తెలుసు. పారెవ్ అంటే అందులో పాలూ లేవు, మాంసమూ లేదు అని మాత్రమే.

"మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడికించకూడదు" అన్న మాట యూదుల ధర్మగ్రంథంలోని నిర్గమకాండంలో రెండుసార్లు, ద్వితీయోపదేశకాండంలో ఒకసారి వస్తుంది. ఆ మాట చుట్టూ పెరిగిందే ఈ కట్టుబాటంతా. పాలకు గిన్నెలు వేరు, మాంసానికి వేరు, చాకులు వేరు, తోమే పీచు కూడా వేరు. మా అమ్మమ్మ మడి గిన్నెలు ఇంకొకళ్లని తాకనిచ్చేది కాదు. మష్గియాహ్ గరిటెల కోసం వంటింట్లో కేకలేసినప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చేది. అయితే గీత ఎక్కడ గీశారో చూడండి. అది పాలకీ మాంసానికీ మధ్య గీత. కూరకీ మాంసానికీ మధ్య కాదు. మాంసం ట్రక్కులో ఒకే బాణలిలో చికెన్ ముక్కా, ఫలాఫెల్ ఉండా కలిసి వేగితే వాళ్ల ధర్మానికి ఏ భంగమూ లేదు. భంగం మనకి.

అందుకని కోషర్ ట్రక్కు కనబడగానే ముందు అది ఏ వైపు ట్రక్కో చూడండి. మాంసం వైపా, పాల వైపా. ఒకే ట్రక్కులో రెండూ ఉండవు. షవర్మా, ష్నిట్జెల్, బర్గర్ బోర్డు మీద ఉంటే మాంసం వైపు. "గ్లాట్" అని ఉందన్నారు కదా, ఆ మాటకు యిద్దిష్ భాషలో నున్నగా అని అర్థం. కోసిన పశువు ఊపిరితిత్తుల మీద అతుకుల్లాంటివి లేకుండా నున్నగా ఉన్నాయా అని చూసే పరీక్ష నుంచి వచ్చిన మాట. ఇప్పుడు కొందరు చాలా నిష్ఠగా ఉండే కోషర్ అన్న అర్థంలో వాడేస్తున్నారు గానీ, అసలు సంబంధం మాంసంతోనే. ట్రక్కు మీద అది కనబడితే మాంసం ట్రక్కు అనుకునే ముందుకెళ్లండి.

దీనికి ఎదురు, పాల ట్రక్కు. బోర్డు మీద చీజ్, పీజా, పెరుగు సాస్ లాంటివి కనబడతాయి. "డెయిరీ" అనో, "చోలోవ్ యిస్రోయెల్" అనో ఉంటుంది. ఈ రెండో మాటకు యూదుల పర్యవేక్షణలో పితికిన పాలు అని అర్థం. సర్టిఫికెట్ ఉన్న పాల ట్రక్కు మనలాంటివాళ్లకు ఈ నగరంలో దొరికే భరోసాల్లో చాలా గట్టిది. లోపలికి మాంసం రాదు. నూనెలో, పెనం మీద, చాకు మీద, కట్టింగ్ బోర్డు మీద ఎక్కడా మాంసం తగలదు. మామూలు రెస్టారెంట్‌లో వెజిటేరియన్ అని రాసిన వంటకానికి కూడా అంత పూచీ ఉండదు. ట్యూనా చేప, గుడ్డు మాత్రం అక్కడా ఉండొచ్చు. అవి అడిగి తప్పించుకోవాలి.

సర్టిఫికెట్ సాధారణంగా కిటికీ పక్కన అంటించి ఉంటుంది. ఎవరిచ్చారు, ఎప్పటిదాకా చెల్లుతుంది అని ఉంటుంది. మీట్, డెయిరీ అన్న మాట కూడా చాలావాటి మీద ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఇప్పుడు ఏది కోషర్, ఏది కాదు అని ప్రభుత్వం తేల్చదు. పాత చట్టాన్ని కోర్టు 2002లో కొట్టేసింది. 2004లో వచ్చిన చట్టం ప్రకారం, కోషర్ అని అమ్మేవాళ్లు దానికి ఎవరు పూచీయో వెల్లడించాలి. కాబట్టి ఆ కాగితం చదవడానికే పెట్టారు, మొహమాటపడకుండా చదవండి. "కోషర్ స్టైల్" అని ఉంటే మాత్రం అది కోషర్ రుచిలో చేశామని చెప్పుకోవడమే, పైన చెప్పిన భరోసాలేవీ దానికి వర్తించవు.

ఇప్పుడు నూనె సంగతి. నేను ఒక ట్రక్కులో నాలుగైదు నెలలు వారానికి రెండుసార్లు ఫలాఫెల్ తిన్నాను. ఒకరోజు వాన పడుతుంటే ట్రక్కు పక్కగా, రేకు కింద నిలబడ్డాను. అక్కణ్ణుంచి లోపలి ఫ్రయర్ కనబడింది. కుర్రాడు ష్నిట్జెల్ ముక్క తీసి, నా ఫలాఫెల్ వేగుతున్న నూనెలోనే వదిలాడు. ష్నిట్జెల్ అంటే చికెన్‌ని పల్చగా కొట్టి, గుడ్డు సొనలో ముంచి, రొట్టె పొడి అద్ది వేయించేది. ఆ రోజు నా కడుపులో తిప్పింది. కానీ అతన్ని అనడానికి ఏముంది? నేను ఏనాడూ అడగలేదు. అతను ఏదీ దాచలేదు. తర్వాత అడిగితే "రెండూ ఇందులోనే వేస్తాం" అని మామూలుగా చెప్పాడు.

అందుకే "ఇది వెజిటేరియనా?" అని అడక్కండి. ఔననే అంటారు, పిండిలో ఉన్నవి లెక్కేసి నిజమే చెప్తారు. అడగాల్సింది "ఫలాఫెల్‌కి ఫ్రయర్ విడిగా ఉందా, ష్నిట్జెల్ కూడా అందులోనేనా?" అని. ఇలా అడిగితే తిన్నగా సమాధానం వస్తుంది. కోషర్ వంటింట్లో పనిచేసేవాళ్లకి ఏ గిన్నెలో ఏం పడింది అన్నది రోజూ ఉండే గొడవే. వాళ్లకు ఇది చాదస్తంగా అనిపించదు. వీధి తిండి అమ్మే ఇంకెవరికన్నా మీ బాధ వాళ్లకే త్వరగా అర్థమవుతుంది, ఇది నా అనుభవం.

విడి ఫ్రయర్ ఉందంటే హాయిగా తినండి. ఒకటే అంటే ఫలాఫెల్ వదిలేయండి. దాంతోపాటు బంగాళాదుంప ఫ్రైస్, వేయించిన వంకాయ కూడా అదే నూనెలోవి, వాటినీ వదిలేయాలి. అప్పుడు హమ్మస్ ప్లేట్ అడగండి. హమ్మస్ (ఉడికించిన శనగల ముద్ద), కీరా టమాటా సలాడ్, క్యాబేజీ, ఊరగాయలు, తహీనీ (నువ్వుల సాస్), పక్కన పీటా రొట్టె. కడుపు నిండుతుంది. అన్నం పెట్టమనేముందు మాత్రం ఆగండి. మాంసం ట్రక్కుల్లో అన్నాన్ని చికెన్ ఉడికించిన నీళ్లతో వండేవాళ్లున్నారు.

గుడ్డు ఎక్కడ దాక్కుంటుందో కూడా చెప్తాను. సబీహ్ అని ఒక శాండ్‌విచ్ ఉంటుంది. వేయించిన వంకాయ ముక్కలతో నోరూరిస్తుంది, అందులో ఉడికించిన గుడ్డు తప్పనిసరి. గుడ్డు లేకుండా అడిగితే చేసిస్తారు. తెల్లగా ఉండే వెల్లుల్లి సాస్ చాలాచోట్ల మయొనైజ్‌తో చేస్తారు, అందులో గుడ్డుంటుంది. తహీనీ కూడా తెల్లగానే ఉంటుంది గానీ అది నువ్వుల ముద్ద, నిమ్మరసం, నీళ్లతో చేసేది, అందులో గుడ్డుండదు. రెండు సీసాలూ పక్కపక్కనే ఉంటాయి, వేలు పెట్టి చూపించి అడగండి. ఫలాఫెల్ పిండిలో గుడ్డు వేసేవాళ్లు తక్కువ, అయినా ఒక మాట అడగడంలో తప్పులేదు. పీటాలో గుడ్డుండదు. హల్లా అనే జడ అల్లిన రొట్టెలో ఉంటుంది. నువ్వులు పడనివాళ్లు మీ టీంలో ఉంటే ముందే చెప్పండి, ఈ ట్రక్కుల్లో తహీనీ తగలనిది దాదాపు ఏదీ ఉండదు. ఉల్లి, వెల్లుల్లి మానేసే రోజైతే ఫలాఫెల్ మీకు కాదు, పిండిలోనే రెండూ రుబ్బేస్తారు.

ఇంకో జాగ్రత్త, ఇది మనవాళ్లు తెలియక చేసే పొరపాటు. విజయవాడ నుంచి కొత్తగా వచ్చిన ఒక అబ్బాయిని నేనే ట్రక్కు దగ్గరకు తీసుకెళ్లాను. ఫలాఫెల్ కారంగా ఉందని, బ్యాగులోంచి పెరుగన్నం డబ్బా తీసి ట్రక్కు అరుగు మీద పెట్టి మూత తీశాడు. లోపలాయన గబగబా బయటికొచ్చి, "దయచేసి అది ఇక్కడ పెట్టకండి" అన్నాడు. కోప్పడలేదు, కంగారుపడ్డాడు. మాంసం ట్రక్కు అరుగు మీద పెరుగు మెతుకు పడితే ఆయన పని ఎంత పెరుగుతుందో నాకు తెలుసు కనుక నాకే తల కొట్టేసినట్టయింది. మీ పెరుగు, మీ మజ్జిగ, మీ చెంచా ఏదైనా సరే, ట్రక్కుకు కాస్త దూరంగా వెళ్లి తెరవండి. డబ్బా వేడి చేసిపెట్టమని అడగొద్దు. చీజ్, పెరుగు సాస్ ఉందా అనీ అడగొద్దు, మాంసం ట్రక్కులో ఉండవు. పాలు పడనివాళ్లకు ఇదే వరం. కాగితాలు తిరగేయక్కర్లేకుండా, అక్కడ దేంట్లోనూ పాలు కలపరని నమ్మొచ్చు.

ఇక తిండి దగ్గరికి వద్దాం. ఫలాఫెల్ మనకు కొత్తది కాదు. మసాలా వడకు దగ్గరి చుట్టం. మనం పచ్చిశనగపప్పు నానబెట్టి బరకగా రుబ్బుతాం, వాళ్లు కాబూలీ శనగలు రాత్రంతా నానబెట్టి, ఉడికించకుండా పచ్చివే రుబ్బుతారు. పార్స్‌లీ, కొత్తిమీర, ఉల్లి, వెల్లుల్లి, జీలకర్ర, ధనియాలు వేస్తారు. విరిచి చూస్తే లోపల పచ్చగా ఉండాలి, పైన కరకరలాడాలి. శనగలు ఉడికించి చేస్తే నూనెలో విచ్చిపోతుంది. విచ్చిపోకుండా పిండి ఎక్కువ కలిపితే రాయిలా అవుతుంది. ఈజిప్టులో దీన్నే ఎండు బాకలా (ఫావా బీన్స్) గింజలతో చేసి తామియా అంటారు. పాలస్తీనా, లెబనాన్, సిరియా అరబ్బుల వీధుల్లో శనగలతో చేస్తారు. ఇజ్రాయెల్‌లో యూదులకు అక్కడి నుంచే అబ్బింది. పాలూ మాంసమూ లేనిది కనుక వాళ్ల ఏ భోజనంలోనైనా ఇమిడిపోయింది.

తట్టలో పోసి ఉంచిన చల్లారిన ఉండలు కాకుండా, అప్పుడే తీసినవి ఇవ్వమని అడగండి. రెండు నిమిషాలు ఆగమంటారు, ఆగండి. పీటా సంచి అడుగున ముందు హమ్మస్, కాస్త సలాడ్, ఆ పైన ఉండలు, మళ్లీ సలాడ్, చివర తహీనీ వేయించుకుంటే తహీనీ కిందికి జారుతూ అన్నిటికీ పడుతుంది. కాగితం పూర్తిగా విప్పొద్దు, కొరికినంత మేరకే కిందికి చించుకుంటూ పోండి. ఆఫీసుకి పట్టుకెళ్లి తింటానంటే ప్లేట్ తీసుకోండి. పీటాలో పెట్టినవి పావుగంటలో మెత్తబడిపోతాయి.

రెండు చట్నీల గురించి చెప్పకపోతే నాకు మనసొప్పదు. మొదటిది స్హూగ్. యెమెన్ యూదులది. 1949, 50లలో వాళ్లు ఇజ్రాయెల్ చేరినప్పుడు వెంట వచ్చింది. పచ్చిమిర్చి, కొత్తిమీర, వెల్లుల్లి, జీలకర్ర, కొంచెం యాలకులు వేసి నూరిన పచ్చడి. మా గుంటూరు నాలిక్కి కూడా తగిలే కారం. రెండోది ఆంబా. పసుపుపచ్చగా, పుల్లగా, మెంతి వాసనతో ఉంటుంది. మొదటిసారి నోట్లో పెట్టుకున్నప్పుడు నేను ట్రక్కు ముందు అలాగే నిలబడిపోయాను. అది మామిడికాయ ఊరగాయ! పచ్చి మామిడి, ఆవాలు, మెంతులు, పసుపు. పేరు కూడా మనదే, మరాఠీ ఆంబా, సంస్కృతంలో ఆమ్రం. బొంబాయితో వ్యాపారం చేసిన బాగ్దాద్ యూదుల ద్వారా ఇరాక్ చేరింది. 1950, 51లలో ఇరాక్ యూదులు ఇజ్రాయెల్ వెళ్తూ అక్కడికి మోసుకెళ్లారు. ఇప్పుడు మన్‌హట్టన్ ఫుట్‌పాత్ మీద పీటాలో మీకు దొరుకుతుంది. ఇంటి మీద బెంగగా ఉన్న రోజున వేయించుకోండి. ఒక్కటే, మెంతి వాసన సాయంత్రం దాకా చేతుల్ని వదలదు, తర్వాత మీటింగ్ ఉంటే చూసుకోండి.

మీరు అడగనిది ఒకటి చెప్తాను, శాకాహారులకు ఇది పెద్ద విషయం. కోషర్‌లో పురుగు నిషిద్ధం. ఆకులో దాక్కున్న చిన్న పేను పురుగైనా సరే. మా వంటింట్లో కొత్తిమీర కట్టని నీళ్లలో జాడించి, కడిగి, లైటు కింద ఆకు ఆకూ చూసేవాళ్లం. కరివేపాకు రెబ్బ రెబ్బకీ అదే తంతు. తాజా కాలీఫ్లవర్ అంటే మా పెద్దాయన ససేమిరా అనేవాడు, పువ్వుల మధ్య పురుగుని చూడడం కుదరదని. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత ఇంట్లో కూడా అలాగే చూడ్డం మొదలెట్టాను, ఎన్ని కనబడ్డాయో చెప్పను. సలాడ్ విషయంలో పద్ధతిగా నడిచే కోషర్ ట్రక్కుకి నేను ఇచ్చే మార్కులు ఎక్కువ.

హలాల్ లాంటిదా అంటే, రెండూ వేరు వేరు ధర్మాలు, కోసే పద్ధతి నుంచి వేరు. మీకు పనికొచ్చే తేడా ఒక్కటే. హలాల్‌లో పాలూ మాంసమూ కలవొచ్చు, కనుక పాల ట్రక్కు అన్న భరోసా అక్కడ దొరకదు. హలాల్ బండ్ల మీద ఫలాఫెల్‌ని చికెన్ వేగే పెనం మీదే వేడి చేయడం నేను చాలాసార్లు చూశాను. అక్కడా అడగాల్సింది అదే, పెనం సంగతి.

యూదులు కానివాళ్లకు నిరభ్యంతరంగా పెడతారు, మధ్యాహ్నం వరసలో నిలబడేవాళ్లలో సగం మంది మనలాంటివాళ్లే. నలభై ఏడో వీధి వజ్రాల బజారు దగ్గరైతే టోపీ పెట్టుకున్న హసీదీ (చాలా నిష్ఠగా ఉండే యూదు) వ్యాపారి పక్కన గుజరాతీ జైన వ్యాపారి కనబడతాడు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే తెలుగు యూదులున్నారని, వాళ్లకో ప్రార్థనా మందిరం కూడా ఉందని చెప్తే మా మష్గియాహ్ వారం రోజులు నన్ను వాళ్ల గురించే అడిగాడు. కొందరు పీటా తినేముందు చెంబుతో రెండు చేతుల మీదా నీళ్లు పోసుకుని ప్రార్థన చదువుతారు. రొట్టె తినేముందు చేసే ఆచారం అది. ఆ నీళ్ల దగ్గర అడ్డంగా నిలబడకండి, అంతే.

చివరగా మీ శుక్రవారం. సూర్యాస్తమయానికి ముందే షబ్బాత్, అంటే యూదులు పని మానేసే విశ్రాంతి రోజు, మొదలైపోతుంది. డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది, ట్రక్కు వాళ్లు సర్దుకుని బ్రూక్లిన్‌కో క్వీన్స్‌కో ఇల్లు చేరాలి. చలికాలం శుక్రవారాల్లో ఒంటిగంటన్నరకే కిటికీ మూసేసిన ట్రక్కులు చూశాను. కొన్ని ఆ రోజు రానే రావు. శనివారం ఉండవు. మా హోటల్ యజమాని హిందువు కనుక శనివారం తెరవడానికి మా సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లు ఒప్పుకున్నారు, యూదుల ట్రక్కుకు ఆ వీలు లేదు. మీ టీం ఒంటిగంటకి బయల్దేరదామంటే పన్నెండింటికే లాక్కెళ్లండి. గురువారం ఒకసారి అటు నడిచి, సర్టిఫికెట్ చదివి, ఫ్రయర్ ప్రశ్న అడిగి వచ్చేయండి. శుక్రవారం వరస పొడుగ్గా ఉంటుంది, వెనక పదిమంది నిలబడి ఉండగా అడగడం మీకూ ఇబ్బంది, ఆయనకూ తీరిక ఉండదు. ఏం చెప్పారో ఇక్కడ రాయండి, హమ్మస్ ప్లేటో ఫలాఫెలో అప్పుడు తేల్చుకుందాం.